మెదక్ చర్చి కిటికీలను సివిల్ పనుల్లో కలపకండి: డయాసిస్ పెద్దలకు బహిరంగ లేఖ

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) మెదక్ డయాసిస్ బిషప్ గారికి, కెథడ్రల్ పాస్టరేట్ కమిటీ పెద్దలకు వందనాలు.

2024 డిసెంబర్ 25తో మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగి వందేళ్లు నిండాయి. వేడుకలు జరిగాయి, జనం తండోపతండాలుగా వచ్చారు, సంతోషం. వందేళ్లు దాటిన కట్టడానికి ఇక మరమ్మతులు తప్పవు. ఓ ఏడు పైకప్పు, ఓ ఏడు రాళ్ల సందులు, ఇంకో ఏడు కరెంటు వైరింగ్, ఇలా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఆ పనుల గురించి నాకు దిగులు లేదు. రాయి పని, సున్నం పని తెలిసిన మేస్త్రీలు మనకి ఇంకా ఉన్నారు. నా దిగులంతా బలిపీఠం వెనకా, గుడికి అటూ ఇటూ ఉన్న ఆ మూడు పెద్ద రంగు గాజు కిటికీల గురించే.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఎప్పుడు ఏ మరమ్మతు తలపెట్టినా ఆ మూడు కిటికీలను సివిల్ పనుల ఎస్టిమేట్‌లో కలపకండి. పెయింటింగ్ కాంట్రాక్టులో అసలే కలపకండి. వాటిని విడిగా ఒక పనిగా పెట్టండి. దానికి వేరే మనిషి, వేరే డబ్బు, వేరే గడువు ఉండాలి. ఆ మనిషికి రంగు గాజు సంరక్షణలో అనుభవం ఉండాలి. ఆ మనిషి వచ్చి, దగ్గర నుంచి చూసి, ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చేదాకా ఎవరూ ఆ గాజుల మీద చెయ్యి వేయకూడదు. తడిగుడ్డ పెట్టి తుడవడం కూడా వద్దు.

ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. పాత కట్టడాల మరమ్మతుల్లో చాలాకాలంగా సైట్ మీద పనిచేస్తున్నవాణ్ని. ఎస్టిమేట్ ఎలా తయారవుతుందో చూస్తూనే ఉంటాను. గోడలు ఇన్ని చదరపు అడుగులు, ఫ్లోరింగ్ ఇన్ని చదరపు అడుగులు అని పేజీలకి పేజీలు రాస్తారు. చివర్లో 'కిటికీలు శుభ్రం చేసి, పగిలిన గాజులు మార్చి, రంగు వేయుట' అని ఒక్క లైను ఉంటుంది. మామూలు బిల్డింగ్‌కి ఆ లైను సరిపోతుంది. రంగు గాజుకి ఆ లైనే గండం.

ఒక జిల్లా కేంద్రంలో జరిగింది చెప్తాను. ఊరి పేరు, చర్చి పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ ఎవరూ చెడు ఉద్దేశంతో చేయలేదు. చిన్న గుడి. బలిపీఠం పైన గొర్రెపిల్లని భుజాన వేసుకున్న కాపరి బొమ్మతో గాజు కిటికీ ఉండేది. పండగ ముందు గోడలకి రంగులు వేయిస్తూ, మురికి పట్టిందని కిటికీని కూడా పెయింటర్ కుర్రాళ్ల చేత కడిగించారు. టైల్స్ కడిగే యాసిడ్ నీళ్లలో కలిపి, ఇనుప పీచుతో రుద్దారు. పిల్లలు పాపం శ్రద్ధగానే రుద్దారు. ఎరుపు, నీలం తళతళా మెరిశాయి. కాపరి ముఖం మాత్రం పోయింది. కళ్లు, గడ్డం, పెదవుల గీత, గొర్రెపిల్ల ఉన్ని మెలికలు, అన్నీ ఆ మురికినీళ్లతో పాటే కొట్టుకుపోయాయి. ముఖం ఉండాల్సిన చోట లేత గులాబీ గాజు ముక్క ఒకటి ఖాళీగా మిగిలింది. తర్వాత ఫ్లెక్సీ షాపులో వినైల్ మీద ఒక ముఖం ప్రింట్ తీయించి దాని మీద అతికించారు. ఒక్క ఎండాకాలానికి ఆ స్టిక్కర్ అంచులు లేచిపోయాయి.

అలా ఎందుకైందో తెలియాలంటే ఈ కిటికీల తయారీ తెలియాలి. రంగు గాజు కిటికీలో రంగు వేరు, బొమ్మ వేరు. రంగు గాజులోనే ఉంటుంది. గాజు కరిగించేటప్పుడే కోబాల్ట్ కలిపితే నీలం వస్తుంది, రాగి గానీ బంగారం గానీ కలిపితే ఎరుపు వస్తుంది. అది ఎన్నిసార్లు కడిగినా పోదు. ముఖాలు, వేళ్లు, వస్త్రాల మడతలు, నీడలు మాత్రం గాజు పైన కుంచెతో వేసినవి. ఇనుము, రాగి ఆక్సైడ్లలో మెత్తటి గాజు పొడి కలిపి, నూరి, గాజు మీద గీసి, బట్టీలో 600 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ఆ వేడికి గీత గాజుకి కరిగి అంటుకుంటుంది. బాగా కాలితే వందల ఏళ్లు ఉంటుంది. వేడి చాలని చోట గోరు తగిలినా పొడిపొడిగా రాలుతుంది. ఏ ముక్క బాగా కాలిందో, ఏది కాలలేదో కింద నిలబడి చూస్తే తెలియదు. పరంజా ఎక్కి, భూతద్దం పట్టుకుని, ఏటవాలు వెలుతురులో చూసినవాళ్లకే తెలుస్తుంది.

మెదక్ కిటికీల విషయంలో ఈ మాటకి ఇంకా బరువుంది. వాటికి రూపమిచ్చిన ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ (1874–1962) ముఖాలు గీయడంలో పేరుపడ్డ చిత్రకారుడు. కుర్రతనంలో సొంత అన్న నడిపే స్టెయిన్డ్ గ్లాస్ కంపెనీలో పని నేర్చుకుని, తర్వాత చిత్రకళ వైపు వెళ్లాడు. బ్రిటిష్ రాజకుటుంబం వాళ్లని, చర్చిల్‌ని, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని గీసినవాడు. స్వయంగా మెథడిస్టు అనే ప్రొటెస్టెంట్ శాఖవాడు. మెదక్‌లో ఈ గుడి కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ పనిచేసిన మిషన్ కూడా వెస్లియన్ మెథడిస్టులదే. అటువంటి చేతిలో రూపుదిద్దుకున్న క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం మన దగ్గర, ఒక తెలంగాణ పట్నంలో ఉన్నాయి. ఆ ముఖాల్లో ఉన్న పనితనమంతా నేను చెప్పిన ఆ కాల్చిన పూతలోనే ఉంది. యాసిడ్ మొదట తినేది దాన్నే.

సూర్యుడు ఉన్నంతసేపే ఈ బొమ్మలు కనిపిస్తాయనీ, పొద్దుగూకాక లోపల ఎన్ని లైట్లు వేసినా కనబడవనీ చూడవచ్చినవాళ్లకి అందరూ చెప్తారు. వినేవాళ్లు అబ్బురపడతారు. నిజంగా అబ్బురపడాల్సిన విషయమే. గాజు గుండా వెలుతురు మనవైపు రావాలి, అప్పుడే రంగు పలుకుతుంది. రాత్రి లోపలి దీపాల వెలుతురు గాజు దాటి బయటికి పోతుంది కాబట్టి లోపలున్నవాళ్లకి నల్లటి పలకలే కనిపిస్తాయి. క్రిస్మస్ నాడు ఇంకా చీకటి ఉండగానే మొదటి ఆరాధనకి కూర్చున్నవాళ్లు ఇది చూసే ఉంటారు. మొదట బలిపీఠం వెనక ఏమీ ఉండదు. సీసపు గీతలు కూడా కనబడవు. వెలుగు రేఖ పడేసరికి ముందు నీలం తేలుతుంది, ఎరుపు చాలా ఆలస్యంగా వస్తుంది. పూర్తిగా తెల్లవారేసరికి పైకి ఎత్తిన ముఖాలు స్పష్టంగా తెలుస్తాయి. చదువు రాని తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఆ బొమ్మలు చూపిస్తూ కథ చెప్పడం నేను ఆ గుడిలోనే విన్నాను. మొక్కు తీర్చుకోవడానికి వచ్చే హిందువులు, ముస్లింలు కూడా అక్కడే ఆగి తలెత్తి చూస్తారు.

అందుకే ఇంకో మనవి. ఈ కిటికీల వెనక ఎల్ఈడీ లైట్లు బిగించి రాత్రి కూడా వెలిగిద్దాం అనే ఆలోచన ఎప్పుడైనా ఎవరికైనా వస్తే ఒప్పుకోకండి. ఫోటోలకి బాగుంటుంది, నిజమే. కానీ లైట్ల కోసం రాతిలో డ్రిల్ వేస్తారు, ఫ్రేములు బిగిస్తారు, గాలి ఆడే సందు మూసేస్తారు. పొద్దుతో పాటు మారే వెలుతురు పోయి, ఎప్పుడు చూసినా ఒకేలా వెలిగే బోర్డు మిగులుతుంది.

ఇక సీసం సంగతి. కిటికీలోని గాజు ముక్కలన్నిటినీ హెచ్ ఆకారపు సీసపు పట్టీలు పట్టుకుని ఉంటాయి. పట్టీలు కలిసిన చోటల్లా టంకం పెడతారు. వాన నీళ్లు దిగకుండా సందుల్లో సుద్దపొడి, అవిసె నూనె కలిపిన లప్పం కూరుతారు. పలకలు బరువుకి వంగకుండా వెనక ఇనుప కడ్డీలు పెట్టి రాగి తీగతో కట్టేస్తారు. వేడికి గాజు సాగే దానికి సీసం దాదాపు మూడు రెట్లు సాగుతుంది. మెదక్ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. పగలు సాగి, రాత్రి ముడుచుకుని, అలా ఏళ్ల తరబడి జరిగితే సీసం అలసిపోతుంది. టంకం పెట్టిన చోట సన్నటి చీలిక వస్తుంది. లప్పం ఎండి రాలుతుంది. రాగి తీగలు తెగుతాయి. అప్పుడు పలక నిటారుగా నిలవలేక అప్పడంలా ఉబ్బుతుంది. ఉబ్బిన పలక మీద గాలివాన కొట్టినా, కోతి దూకినా గాజు పగులుతుంది. సీసపు పట్టీలకి రమారమి వందేళ్లు దాటాక పెద్ద పరీక్ష అవసరమవుతుందని ఈ పని చేసేవాళ్లు అంటారు. మెదక్ కిటికీలు ఒకేసారి పెట్టినవి కావు కాబట్టి మూడింటి వయసూ ఒకటి కాదు, మూడింటికీ విడివిడిగా పరీక్ష కావాలి. దేని మీద ఎండ ఎక్కువ పడుతుంది, దేని మీద వాన జల్లు కొడుతుంది అన్నది కూడా చూడాలి.

ఇక్కడే మంచి మనసుతో చేసే చెడు ఒకటుంది. గాజు పగలకుండా బయట పాలికార్బనేట్ షీటు బిగించి, చుట్టూ సిలికాన్ పూసి గాలి చొరకుండా మూసేయడం. చూడటానికి భద్రంగా ఉంటుంది. లోపల ఇరుక్కున్న గాలి మాత్రం మండు వేసవిలో ఎటూ పోలేక గాజునీ సీసాన్నీ ఉడికిస్తుంది. వానాకాలంలో తేమ దిగితే అదీ బయటికి పోదు. కొన్నేళ్లకి షీటు పసుపెక్కి, లోపలి నుంచి చూస్తే రంగులే మారిపోతాయి. రక్షణ గాజు పెట్టాల్సి వస్తే పైనా కిందా గాలి ఆడే సందు వదిలి, రాతిని తొలవకుండా, రేపు విప్పడానికి వీలుగా పెట్టాలి. పావురాలకీ కోతులకీ అయితే కాస్త దూరంగా బిగించిన సన్నటి తీగ వల సరిపోవచ్చు. ఏది కావాలో చెప్పాల్సింది షీట్లు అమ్మేవాళ్లు కాదు.

ఇదంతా విదేశాల్లోనే సాధ్యం అనుకోకండి. కానీ అక్కడ ఎలా చేశారో చూడటం మంచిదే. ఇంగ్లండ్‌లో యార్క్ మిన్‌స్టర్ తూర్పు కిటికీని 1405-1408 మధ్య జాన్ థార్న్‌టన్ చేశాడు. 2008లో దాని 311 పలకలూ కిందికి దించారు. చివరి పలక తిరిగి పైకెక్కింది 2018లో. పదేళ్లు పట్టింది. అంత సమయం పట్టడానికి ఒక కారణం ఉంది: అంతకు ముందు తరాలవాళ్లు పగిలిన చోటల్లా అదనంగా సీసం పట్టీలు వేసి అతికించడంతో బొమ్మలు గీతల మధ్య చిక్కుకుని గుర్తుపట్టలేనట్టు అయ్యాయి. ఆ పాత అతుకులు ఒక్కొక్కటిగా విప్పి, పగుళ్లు జిగురుతో కలిపి, బయట గాలి ఆడే రక్షణ గాజు పెట్టారు. అంటే ఆ పదేళ్ల శ్రమలో పాత మరమ్మతులు విప్పడం కూడా ఒక భాగమే. ఫ్రాన్స్‌లో యాత్రికులు వందల ఏళ్లుగా నడిచి వెళ్లే షార్త్ర్ కెథడ్రల్‌లో, యుద్ధం వస్తోందని 1939లో కిటికీల గాజులన్నీ పలక పలకగా దించి పెట్టెల్లో దాచారు, యుద్ధం అయ్యాక మళ్లీ ఎక్కడివి అక్కడ పెట్టారు. ఏ పలక ఎక్కడిదో రాసిపెట్టుకోకుండా అది జరిగే పని కాదు.

మన దేశంలోనే ముంబైలో రంగు గాజు సంరక్షణ వృత్తిగా చేస్తున్నవాళ్లున్నారు. రాజాబాయి టవర్, దాని పక్కనున్న యూనివర్సిటీ లైబ్రరీ గాజులు బాగుచేశారు. కాలా ఘోడాలో 1884 నాటి యూదుల ప్రార్థనాలయాన్ని 2019లో బాగుచేసి మళ్లీ తెరిచినప్పుడు రంగు గాజుల మీద కూడా పని జరిగింది. ఇలాంటి పనుల అనుభవం ఉన్నవాళ్లు ఎవరో పాత కట్టడాల రక్షణకి పనిచేసే ఇంటాక్‌ లాంటి సంస్థల్ని అడిగితే తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి ముంబై రాత్రి బస్సు దూరం.

ముందుగా చేయాల్సింది పెద్ద ఖర్చున్న పని కూడా కాదు. మూడు కిటికీలకీ లోపలా బయటా పలక పలకకీ ఫోటోలు తీయించండి. ప్రతి పలకకీ నంబరు ఇవ్వండి. ఎక్కడ పగులుంది, ఎక్కడ ఉబ్బింది, ఏ గాజు తర్వాత మార్చింది అని బొమ్మ మీదే గుర్తు పెట్టి, ఒక ఫైలు గుడిలో, ఇంకొకటి డయాసిస్ ఆఫీసులో, ఇంకొకటి బయట ఎక్కడైనా దాచండి. కిటికీలు వచ్చిన రోజుల నాటి ఉత్తరాలు, బిల్లులు, నమూనా చిత్రాలు మన దగ్గర గానీ ఇంగ్లండ్‌లోని మిషన్ కాగితాల్లో గానీ దొరుకుతాయేమో వెతికించండి. రేపు ఏదైనా పిడుగో, అల్లరిమూక రాయో తగిలి ఒక పలక పోతే, తిరిగి చేయడానికి మనకి ఉండే ఆధారం ఈ ఫైలు ఒక్కటే. ఒకవేళ ఇలాంటిది ఇప్పటికే తయారై ఉంటే దాన్ని సంఘానికి చూపించండి, మా మనసు కుదుటపడుతుంది.

గుడి చూసుకునే సిబ్బందికీ, అలంకరణ చేసేవాళ్లకీ నాలుగు ముక్కలు రాసి గోడకి అంటించాలి. క్రిస్మస్ సీరియల్ లైట్ల వైర్లు కిటికీ కడ్డీలకి కట్టొద్దు. నిచ్చెన గాజుకి ఆనించొద్దు. గాజు ముక్క రాలితే చెత్తలో వేయకుండా, ఎంత చిన్నదైనా కాగితంలో చుట్టి తేదీ రాసి ఇవ్వాలి. పక్కన రాయి పనో రంగు పనో జరుగుతుంటే ముందు కిటికీని గాలి ఆడే గుడ్డతో కప్పాలి. వీటికి నిపుణులు అక్కర్లేదు, చెప్పేవాళ్లు ఉంటే చాలు.

ఇంకో ఆశ కూడా ఉంది. నిపుణులు వచ్చినప్పుడు వాళ్ల పక్కన మెదక్ కుర్రాళ్లని ఒక నలుగురిని నిలబెట్టండి. ఐటీఐ చదివిన పిల్లలు ఎంతమంది లేరు? సీసం కోయడం, టంకం పెట్టడం, లప్పం కూరడం చేతిపని, నేర్చుకుంటే వస్తుంది. సీసం దుమ్ము ఒంటికి మంచిది కాదు కాబట్టి మాస్కు, గ్లౌజులు, చేతులు కడుక్కునే క్రమశిక్షణతో పాటే నేర్పాలి. మన తెలుగు నేల మీద పాత చర్చిలు, కాలేజీలు, దేవిడీలు, బంగళాల్లో రంగు గాజులు ఎన్నో ఉన్నాయి. ఈ పని తెలిసిన చేతులు మెదక్‌లోనే తయారైతే వాటన్నిటికీ దిక్కు దొరుకుతుంది.

స్కూళ్లు, హాస్పిటళ్లు, పల్లె సంఘాల అవసరాలు ఇన్ని ఉండగా గాజు మీద ఖర్చేమిటని కమిటీలో ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఈ గుడి ఎలా లేచిందో గుర్తు చేసుకుందాం. 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. కరువులో ఊళ్ల జనానికి పని చూపించి తిండి పెట్టడానికే పోస్నెట్ దొర ఈ పని పెట్టాడని మెదక్‌లో ముసలివాళ్లు నేటికీ చెప్పుకుంటారు. ఆ కరువు గుడికే బ్రిటన్ నుంచి టైల్స్ తెప్పించారు, 175 అడుగుల గోపురం ఎత్తారు, తర్వాత ఈ గాజులు పెట్టించారు. ఆకలితో ఉన్నవాళ్లకి అందం ఎందుకని వాళ్లు అనుకోలేదు. రాళ్లు మోసిన కూలీల మనవలు, మునిమనవలు ఇవాళ ఆ గుడిలో కూర్చుని ఆ బొమ్మల వైపు చూస్తూ ప్రార్థన చేస్తున్నారు. అది వాళ్ల ఆస్తి. పల్లె సంఘాల డబ్బు తీసి ఇక్కడ పెట్టమని నేను అడగడం లేదు. కిటికీల పేరు మీద విడిగా ఒక నిధి తెరవండి, దేనికి ఎంత ఖర్చయిందో ఏటా చదివి వినిపించండి. విదేశాల్లో స్థిరపడ్డ మెదక్ వాళ్లు, హైదరాబాద్ వాళ్లు తప్పకుండా ఇస్తారు.

రాబోయే కమిటీ మీటింగ్‌లో ఒక్క తీర్మానం చేయండి. మూడు కిటికీల పని ఏ ఇతర కాంట్రాక్టులోనూ భాగం కాదనీ, ఫోటోల రికార్డు పూర్తయ్యేవరకు వాటిని కడగడం, రంగు వేయడం, షీట్లు బిగించడం ఆపేస్తున్నామనీ రాసి, అందరికీ కనిపించేలా నోటీసు బోర్డులో పెట్టండి. వానలు మొదలయ్యేలోపే ఫోటోల పని పెట్టుకుంటే మంచిది, ఆ తర్వాత తడి పరంజా మీద నిలబడటం ఇబ్బంది. ఆ రోజుల్లో పరంజా దగ్గర నమ్మకమైన మనిషి కావాలంటే కబురు పెట్టండి. కూలి అక్కర్లేదు, నేను వస్తాను, నాతో పనిచేసే ఇద్దరిని తీసుకొస్తాను.

ఇట్లు,
మెదక్ గుడికి ఏటా వచ్చే ఒక సైట్ మేస్త్రీ